ఎనిమిది అంగుళాల టిన్నులో ఎంత పిండి పడుతుంది?

హోసూరులో కేకు అడిగేవాళ్లు కిలోల్లో అడుగుతారు. "అక్కా, శనివారానికి కిలో కేకు కావాల, చాక్లెట్‌ది" అంటారు. కేకు చేసే అక్క దగ్గరున్న టిన్నులు అంగుళాల్లో ఉంటాయి. ఆమె నమ్ముకున్న వంటకం కప్పుల్లో ఉంటుంది. అది 237 మిల్లీలీటర్ల అమెరికా కప్పో, 250 మిల్లీలీటర్ల మెట్రిక్ కప్పో రాసినవాళ్లకే తెలియాలి. మైదా గ్రాముల్లో, పాలు మిల్లీలీటర్లలో, గుడ్లు లెక్కన వస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బేకరీ సామానుకి బస్సెక్కి నలభై కిలోమీటర్లు పోతే కన్నడం మాట్లాడే ఊరు కాబట్టి ఇన్ని భాషల కొలతలు కలిసినా ఎవరికీ వింతగా తోచదు. కానీ పిండి టిన్నులో పోసేటప్పుడు మాత్రం ఏదో ఒక భాషలో జవాబు కావాలి. తక్కువ పోస్తే కేకు అణిగి, ఎండి, పైన తెల్లగా ఉండిపోతుంది. ఎక్కువ పోస్తే పొంగి ఓవెన్ అడుగున మాడుతుంది, ఆ వాసన పొయ్యేసరికి రెండు రోజులు.

ఈ ప్రశ్నకు హోసూరు, కృష్ణగిరి వంటిళ్లలో చలామణీ అయ్యే జవాబుల్లో మొదటిది, అందరూ చెప్పేది: అరకిలోకి ఆరంగుళాల టిన్ను, కిలోకి ఎనిమిది అంగుళాలది. కేకులు నేర్పేవాళ్లు మొదటి రోజే ఈ సూత్రం చెప్పేస్తారు. ఇది తప్పా అంటే కాదు. కానీ ఎందుకు నిజమో తెలియకపోతే ఎక్కడ అబద్ధమవుతుందో కూడా తెలియదు. అందుకని దీన్ని కాస్త విప్పి చూద్దాం.

రెండంగుళాల లోతున్న ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నులో అంచుదాకా నీళ్లు పోస్తే సుమారు 1,650 మిల్లీలీటర్లు పడతాయి. మూడింట రెండు వంతులు నింపితే 1,100. ఇక్కడిదాకా పేచీ లేదు. పేచీ అంతా ఆ 1,100 మిల్లీలీటర్ల పిండి ఎంత బరువు తూగుతుందన్న దగ్గరే. గుడ్లు, చక్కెర బాగా గిలకొట్టి, మైదా మెల్లగా కలిపిన స్పాంజి పిండిలో సగానికి పైగా గాలే. బేకింగ్ పాఠ్యపుస్తకాలు దాని సాంద్రతను 0.46 దరిదాపుల్లో చెబుతాయి, అంటే లీటరు పిండి అరకిలో కూడా తూగదు. అదే వెన్న, చక్కెర రుద్ది చేసే మామూలు లేయర్ కేకు పిండి 0.95 దగ్గర ఉంటుంది. వెన్న ఎక్కువగా పడి బాగా గిలకొట్టిన పౌండ్ కేకు 0.85. గుడ్డు తెల్లసొనతోనే చేసే ఏంజెల్ ఫుడ్ కేకు 0.38. అంటే ఒకే టిన్నులో ఒకే మట్టానికి పోసినా స్పాంజి పిండి 500 గ్రాములు పడితే, వెన్న పిండి కిలో దాటుతుంది.

ఇప్పుడు ఆ పాత సూత్రాన్ని మళ్లీ చూడండి. 500 గ్రాముల స్పాంజి పిండి ఓవెన్‌లో పదో వంతు నీరు పోగొట్టుకుని 450 గ్రాములకు దిగుతుంది. దానిమీద చక్కెర పాకం చిలకరించి, మధ్యలో క్రీమ్ పూసి, పైన అలంకారం చేసేసరికి అంతకు అంత కలిసి కిలో అవుతుంది. ఆరంగుళాల టిన్నుకు ఇదే లెక్క కడితే 285 గ్రాముల పిండి, 255 గ్రాముల స్పాంజి, క్రీమ్‌తో కలిపి అరకిలో. సూత్రం అక్షరాలా నిలిచింది. అయితే అది టిన్ను గురించి చెప్పిన సూత్రం కాదు, క్రీమ్ కేకు గురించి చెప్పిన సూత్రం. గుడ్లు గిలకొట్టిన స్పాంజి, దానికి సమానమైన క్రీమ్, రెండంగుళాల లోతు అనే మూడు షరతులు అందులో దాక్కుని ఉన్నాయి.

షరతు ఒకటి తప్పగానే సూత్రం తప్పుతుంది. వెన్న కేకుతో కిలో క్రీమ్ కేకు కావాలంటే మనకు కావలసిన పిండి 550 నుంచి 600 గ్రాములే. దాన్ని ఎనిమిది అంగుళాల టిన్నులో పోస్తే మూడో వంతు దాటి కొంచెం పైకి వస్తుంది, కేకు పలచగా వస్తుంది. ఏడంగుళాల టిన్నులో పోస్తే చక్కగా సగానికి వస్తుంది. ఈ ఒక్క లెక్క తెలియక ఎందరో ఎనిమిది అంగుళాల టిన్ను నిండేదాకా వెన్న పిండి కలిపి, కిలో ధరకి కిలోన్నర కేకు ఇచ్చి పంపుతున్నారని నా అనుమానం. సామాను ఖర్చు ఎక్కడికి పోతుందో అర్థం కావడం లేదని వాపోయేవాళ్లు ముందు చూసుకోవలసింది ఇక్కడ.

క్రిస్మస్ ప్లమ్ కేకు ఇంకో కొసన ఉంటుంది. ఎండు పళ్ల బరువుతో ఆ పిండి పెద్దగా పొంగదు, టిన్నులో ముప్పావు వంతు నింపినా భయం లేదు. పైన క్రీమ్ ఉండదు. ఎనిమిది అంగుళాల టిన్నుకు కిలోంబావుకు అటూ ఇటూగా పిండి పట్టి, కేకే కిలో దాటి తూగుతుంది.

అంగుళాల దగ్గరికి వస్తే జనం తడబడేది ఒకే చోట. ఆరుకీ ఎనిమిదికీ తేడా రెండంగుళాలే కదా, మూడో వంతు పెంచితే సరిపోదా అనుకుంటారు. పిండి పరుచుకునేది అడ్డుకొలత మీద కాదు, వైశాల్యం మీద. అడ్డుకొలతను అడ్డుకొలతతో గుణించాలి: 36 ఎక్కడ, 64 ఎక్కడ. ఒకటిని 1.78 చెయ్యాలి, అంటే దాదాపు రెట్టింపు. ఆరు నుంచి పన్నెండుకు పోతే నాలుగింతలు. ఎనిమిది నుంచి పదికి పోతే ఒకటిన్నర కంటే రవంత ఎక్కువ. కిలోకి ఎనిమిది, రెండు కిలోలకి పది అని కొందరు చెప్పే మాట అందుకే లోతు మార్చకుండా నిలవదు. అదే లోతున్న పదంగుళాల టిన్ను కిలోన్నర దగ్గర ఆగిపోతుంది.

రెండు గుండ్రటి టిన్నులను పోల్చుకున్నంతసేపూ 'పై' విలువతో పనే లేదు, రెండు వైపులా ఉండి కొట్టేసుకుంటుంది. గుండ్రం నుంచి చదరానికి మారినప్పుడే అది కావాలి. క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో గణితసారసంగ్రహం రాసిన మహావీరాచార్యుడు వృత్తానికి రెండు విలువలిచ్చాడు. వ్యవహారానికి 3, సూక్ష్మానికి పదికి వర్గమూలం. ఆ గ్రంథాన్ని తెలుగు చేసినవాడు పావులూరి మల్లన, మనకు తెలిసిన తొలి తెలుగు గణిత గ్రంథం అదే. మహావీరుడి రెండు విలువలనూ టిన్నుకు పెట్టి చూశాను. ఎనిమిది అంగుళాల గుండ్రటి టిన్నుకు నేటి లెక్క 100.5 ఘనపు అంగుళాలైతే, 3తో 96, పది వర్గమూలంతో 101 పైచిలుకు. మోటు లెక్కలో పోయింది నాలుగున్నర శాతం. గుడ్డు పెద్దదా చిన్నదా అన్న తేడాలోనే అంతకంటే ఎక్కువ పోతుంది. కాబట్టి కేకుకు 3 చాలు. టైటాన్ గడియారాలు 1987 నుంచి తయారవుతున్న ఊళ్లో, మైక్రాన్లు కొలిచే చేతులు ఇంటికొచ్చి టిన్ను దగ్గర కూడా దశాంశాలు లాగుతామంటే వద్దనలేం గానీ, అవసరం మాత్రం లేదు.

గుర్తుపెట్టుకోదగ్గ సమానత ఒకటి ఉంది. ఎనిమిది అంగుళాల చదరపు టిన్ను, తొమ్మిది అంగుళాల గుండ్రటి టిన్ను దాదాపు ఒకే పిండి పట్టుకుంటాయి: 128, 127. గుండ్రటి టిన్నుకు చెప్పిన వంటకాన్ని ఒక అంగుళం చిన్న చదరంలో ధైర్యంగా పొయ్యొచ్చు.

మన అంగళ్లలో దొరికే అల్యూమినియం టిన్నుల్లో చాలావాటికి గోడలు నిట్టనిలువుగా ఉండవు. పైన ఎనిమిది, అడుగున ఏడు. ఒకదానిలో ఒకటి దోపి పేర్చడానికి అమ్మేవాడికి అది సౌకర్యం, లెక్కకట్టేవాళ్లకు చికాకు. ఇలాంటి వాలు గోడల లెక్కను మనవాళ్లు గోతుల కోసం వెయ్యేళ్ల కిందటే తేల్చారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు చెప్పిన పద్ధతి ఇది: పై కొలత, అడుగు కొలత సగటు తీసి దాంతో వైశాల్యం కడితే ఒక ఫలం. పై వైశాల్యం, అడుగు వైశాల్యం విడివిడిగా కట్టి వాటి సగటు తీస్తే ఇంకో ఫలం. రెండో దాంట్లోంచి మొదటిది తీసేసి, వచ్చిన తేడాలో మూడో వంతును మొదటిదానికి కలిపితే సూక్ష్మ ఫలం. మన టిన్నుకు చేసి చూడండి. ఏడున్నర వర్గం 56.25. 64, 49ల సగటు 56.5. తేడా పావు, అందులో మూడో వంతు 0.08. కలిపితే 56.33, నేటి సూత్రం ఇచ్చేదీ సరిగ్గా అదే. అయితే నాకు ఇందులో నచ్చింది ఆ చివరి సవరణ కాదు, అది ఎంత చిన్నదో కనబడటం. నడిమి కొలత తీసుకుని లెక్కకడితే పని అయిపోతుంది. పైకొలత ఎనిమిది అని అమ్మిన టిన్ను నిజానికి ఏడున్నర టిన్ను అని తెలుసుకుంటే చాలు. ఎనిమిదికి కలిపిన పిండి అందులో ఎందుకు పొర్లిందో అప్పుడు అర్థమవుతుంది.

ఇంత లెక్క ఎందుకు, నీళ్లు పోసి కొలవరాదా? రాదనేదేముంది, అన్నిటికంటే మంచి పద్ధతి అదే. త్రాసు మీద ఖాళీ టిన్ను పెట్టి సున్నా చేసి అంచుదాకా నీళ్లు పోస్తే, చూపించిన గ్రాములే మిల్లీలీటర్లు. గుండె ఆకారం, నక్షత్రం, మధ్యలో గొట్టం ఉన్న బండ్ట్ టిన్ను, పిల్లల పుట్టినరోజుకు అంకెల ఆకారపు మౌల్డు, వంటింట్లో ఉన్న స్టీలు గిన్నె, దేనికైనా ఒకటే పని. అడుగు ఊడివచ్చే టిన్నులు మాత్రం నీళ్లు నిలపవు. వాటిలో లోపల ప్లాస్టిక్ కవరు పరిచి పొయ్యాలి, లేదా నీళ్లకు బదులు బియ్యం పోసి ఆ బియ్యాన్ని కొలపాత్రలో కొలుచుకోవాలి. వచ్చిన అంకెను టిన్ను అడుగున చెరగని సిరాతో రాసిపెట్టుకుంటే మళ్లీ కొలవక్కర్లేదు.

ఈ పద్ధతికి ఇంకో మేలుంది, దాన్ని చాలామంది వాడుకోరు. చేతికి అలవాటైన వంటకం, అది చక్కగా వచ్చిన టిన్ను ఉంటే, కొత్త టిన్ను నీళ్లను పాత టిన్ను నీళ్లతో భాగించండి. వచ్చిన అంకెతో వంటకం మొత్తాన్నీ గుణించండి. పిండి సాంద్రత ఎంత, సగమా ముప్పావా అనే తర్కమంతా అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే పాత టిన్నులో నిలిచిన నిష్పత్తే కొత్తదానిలోనూ నిలుస్తుంది. ఎనిమిది అంగుళాల గుండ్రం నుంచి తొమ్మిది అంగుళాల చదరానికి పోతే 1.61 వస్తుంది. మూడు గుడ్లు 4.8 అవుతాయి. అయిదో గుడ్డు పగలగొట్టి గిలకొట్టి అందులో కొంత తీసెయ్యాలా? పెంకు లేకుండా గుడ్డు సుమారు 50 గ్రాములు. పది గ్రాముల కోసం గుడ్డును దాచిపెట్టుకునే ఓపిక ఎవరికైనా ఉంటే వాళ్ల ఇష్టం. నేనైతే అయిదూ వేసేస్తాను.

వంటకం కొత్తదైతేనే ఎంత ఖాళీ వదలాలన్న ప్రశ్న వస్తుంది. ఇడ్లీపిండి పులియబెట్టే గిన్నెలో సగం ఖాళీ వదిలే ఊహ మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. కేకు దగ్గర ఆ ఊహను పిండి రకాన్ని బట్టి మార్చుకోవాలి. బేకింగ్ పౌడరు దండిగా పడ్డ వెన్న కేకుకు సగం నుంచి మూడింట రెండు వంతులు. పుస్తకాలు ఎక్కువగా చెప్పే మూడింట రెండు వంతులు పైగీత, అది దాటకూడదు. సగం కంటే తక్కువైతే ఇంకో చిక్కు: ఎత్తైన గోడలు పైవేడిని అడ్డుకుని కేకు పైభాగం రంగు తేలదు.

గుడ్డులేని కేకుల లెక్క కొంచెం వేరు. బెంగళూరులో 1898లో తిరుమలాచార్ పెట్టిన బి.బి. బేకరీతో మొదలైందని చెప్పే అయ్యంగార్ బేకరీల రుచి సరిహద్దు దాటి ఇక్కడికీ చేరింది. హోసూరులో కేకు అడిగేవాళ్లు తర్వాత అడిగే మాట "ఎగ్‌లెస్సేనా?" అని. పెరుగు, సోడాతో చేసే పిండిలో గాలి చేత్తో గిలకొట్టింది కాదు, కలిపిన క్షణం నుంచి రసాయనం పుట్టించేది. కలిపి పక్కనపెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి గిన్నెలో మట్టం పెరుగుతుంది. ఆ మట్టం చూసి టిన్నులో తక్కువ పోశామా ఎక్కువ పోశామా అని తేల్చుకోలేం. ఇలాంటి పిండిని కంటితో కాదు, కలిపిన వెంటనే త్రాసుతోనే పంచుకోవాలి. పెద్ద బేకరీలు అన్ని పిండ్లకూ చేసేది అదే, ఒక్కో ట్రేకు ఇన్ని గ్రాములని. పొడవాటి ట్రేలో కాల్చి ముక్కలు కోసి అమ్మేవాళ్లకు ఈ వ్యాసం చర్చించే సమస్యే లేదు. టిన్ను ఎప్పుడూ మారదు, పిండీ మారదు.

రాగులు పండే జిల్లా ఇది, రాగిపిండి కేకు అడిగేవాళ్లు పెరుగుతున్నారు. రాగిలో గ్లూటెన్ లేదు, పొంగిన గాలిని పట్టి నిలిపే సాగుడు ఉండదు. మైదా ఎంత తగ్గి రాగి ఎంత పెరిగితే పొంగు అంత తగ్గుతుంది, టిన్నులో అంత పైదాకా పొయ్యొచ్చు. కృష్ణగిరి మామిడి గుజ్జు సంగతి ఇంకోటి. తోతాపురి గుజ్జు నీళ్లకంటే కొంచెం బరువు, అందులో గాలి లేదు. కప్పు పాలకు బదులు కప్పు గుజ్జు వేస్తే మట్టం మారదు గానీ చక్కెర పెరుగుతుంది, కేకు నడుమ అణుగుతుంది. దాన్ని పిండి ఎక్కువైందన్న ఖాతాలో రాసేవాళ్లున్నారు, అది వేరే జబ్బు.

ఇక ఎత్తు. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అంటే దగ్గరదగ్గర 3,000 అడుగులు. కృష్ణగిరి అంతకంటే కొన్ని వందల మీటర్లు కింద. అమెరికాలో కొండప్రాంతాల వంటకు సవరణలు చెప్పేవాళ్లు గీత గీసేది కూడా 3,000 అడుగుల దగ్గరే. అక్కడ కొలరాడోలో ఇంగా అలిసన్ అనే ఆచార్యురాలు 1920ల చివర్లో ఎత్తు వల్ల కేకు ఎలా మారుతుందో తేల్చడానికి ఒక ప్రయోగశాలే పెట్టించారు. చెన్నై నుంచి వచ్చిన వంటకం హోసూరులో పొర్లిందంటే ఎత్తే కారణమని చెప్పేవాళ్లు మనకూ ఉన్నారు. లెక్క చూద్దాం. 900 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండే దాంట్లో పదింట తొమ్మిది వంతులు, కాబట్టి అదే వాయువు పదకొండు శాతం ఎక్కువ చోటు తీసుకుంటుంది. చెన్నైలో 600 మిల్లీలీటర్ల పిండి పొంగి లీటరైతే, కొత్తగా చేరిన చోటు 400. హోసూరులో అది 445 అవుతుంది. లీటరుకు 45 మిల్లీలీటర్లు. రెండంగుళాల కేకులో అది రెండు మిల్లీమీటర్ల ఎత్తు. పిండి పొర్లడానికి ఆ రెండు మిల్లీమీటర్లు చాలవు. ఊటీలో ఉంటే మాట వేరు. ఇక్కడ నేరం ఎత్తుది కాదు, నింపినవాళ్లది. ఎవరి మాటా వినని కేకును దారికి తెచ్చుకోవాలంటే బేకింగ్ పౌడరు చిటికెడు తగ్గించి చూడొచ్చు, టిన్ను మట్టం మార్చనవసరం లేదు.

టిన్ను వెడల్పుతో పాటు లోతు మారితే పిండి లెక్క తేలిగ్గానే ఉంటుంది, కాలే సమయమే మాట వినదు. వేడి లోపలికి చేరే సమయం మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం ఒకటిన్నరంతలైతే సమయం లెక్కప్రకారం రెండుంబావంతలు. పక్కల నుంచీ వేడి వస్తుంది కాబట్టి నిజంగా అంత కాకపోయినా పెరగడం ఖాయం. ప్రెషర్ కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అక్కడ పైవేడి తక్కువ కాబట్టి లోతు టిన్ను నడుమ పచ్చిగా ఉండిపోతుంది. అరకిలో పిండిని లోతు టిన్నులో ఒకేసారి కాల్చడం కంటే రెండు పలచటి టిన్నుల్లో కాల్చడమే మేలని నా అభిప్రాయం. మధ్యలో కోసే పని కూడా తప్పుతుంది.

పెళ్లి కేకుల దగ్గర ఈ లెక్కలన్నీ ఒకేసారి పలుకుతాయి. ఆరు, ఎనిమిది, పది అంగుళాల మూడంతస్తుల కేకు అడిగారనుకోండి, మూడూ ఒకే లోతువి. 36, 64, 100. పై రెండూ కలిస్తే కింది దానికి సమానం. తాపీమేస్త్రి మూలమట్టం చూసుకునే మూడు, నాలుగు, అయిదు కొలతే ఇది, రెట్టింపుగా. పిండి మొత్తం కలిపి సగం పదంగుళాల టిన్నులో పోసి, మిగతా సగాన్ని మిగతా రెంటికీ పంచితే మట్టం అన్నిటిలో ఒకటే వస్తుంది. ఎనిమిది అంగుళాల వంటకానికి మొత్తం మూడింతలు, పైన కాస్త.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. రోజ్ లెవీ బెరన్‌బామ్ 1988లో రాసిన ద కేక్ బైబిల్‌లో పెళ్లి కేకుల పట్టిక చూస్తే, టిన్ను పెద్దదయ్యేకొద్దీ పిండితో పోల్చి బేకింగ్ పౌడరు నిష్పత్తి తగ్గుతూ పోతుంది. వెడల్పు టిన్నులో నడుమకు వేడి ఆలస్యంగా చేరుతుంది, అంతదాకా గట్టిపడని పిండి ఎక్కువ పొంగి కూలుతుంది. అంటే పిండి సరిసమానంగా పంచినా, మూడంతస్తులకూ ఒకే గిన్నెలో కలపకూడదు. సగానికి ఒక గిన్నె, ఆ గిన్నెలో బేకింగ్ పౌడరు కాస్త తక్కువ. మిగతా సగానికి ఇంకో గిన్నె. ఆ రెండో గిన్నెలోంచి ఆరంగుళాల టిన్నుకు వందలో 36 గ్రాములు, ఎనిమిది అంగుళాలదానికి 64.